ఒక ప్రక్క సాన

...ఇయ్యకుండ నుంచుకొనుట వేఱు, ఇచ్చుటలో నాలస్యము చేయుట వేఱు అని మృత్యుంజయమూర్తి మరల తనకు దాను చెప్పుకొనెను. ఆ రెంటి నడుమ నున్న యంతరము నిన్నటికంటె నేడు మఱింత సన్నగిల్లినట్లు తోచుటచే గూర్చుండలేక లేచి కిటికీకడకు బోయెను. ఆషాఢమాసపు మధ్యాహ్నము. ఉదయమునుండి కురిసిన వాన వెలిసియు వెలియనట్లు చూరునుండి బొట్లుబొట్లుగా రాలుచుండెను. రాజమహేంద్రవరపు మేడల కావల గోదావరి క్రొత్తనీటి యెఱుపుతో నిండి మబ్బుల నీడలను మోసికొనుచు వడివడిగ ధవళేశ్వరమువైపు సాగిపోవుచుండెను. ఆ ప్రవాహమును జూచుటవలన నతని మనస్సునకు శాంతి కలుగుటకు మాఱు తొందర కలిగెను. ఎవరో తన్ను బిలుచుచున్నట్లును తాను వినబడనట్లు నటించుచున్నట్లును దోచి మరల వచ్చి బల్లయొద్ద గూర్చుండెను.

బల్లమీద నీలి మఖమలు పఱచిన వెడల్పాటి పెట్టె తెఱువబడి యుండెను. దానియందు నలువదిమూడు పాతకాలపు జేబుచాకులలో నొకటి తప్ప తక్కినవన్నియు తమతమ గుంటలలో నొదిగి శయనించి యుండెను. కాకినాడ రేవున దిగిన నావికుడొకడు వదలిపోయిన ముత్యపుచిప్ప పిడి గల యాఱలుగుల చాకు అందొకటి. గుఱ్ఱపు డెక్కలలోని ఱాళ్లను దీయు కొక్కెముతో గూడిన సైనికుని చాకు మఱియొకటి. కళాశాలలో ప్రయోగశాల సామగ్రికి ముప్పదియేండ్లు సంరక్షకుడుగా నుండి విరమించిన యా యవివాహితునకు బంధువులును వ్యసనములును నివియే. ప్రతిదినము ప్రాతఃకాలమున నొక్కొక్క చాకును దీసి యొక్కొక్క యలుగును విప్పి మడచి, మడచునపుడు పుట్టు చప్పుడును జెవియొగ్గి వినుట యతని నిత్యానుష్ఠానము. తెగగోయు శక్తి యుండియు గోయక తనలోనికి దాను మడచుకొనునట్టి వస్తువు లోకమున మఱియొకటి లేదని యతడు తలంచెడివాడు. తన బ్రతుకును నట్టిదే యని యొకప్పుడు గర్వించెడివాడు. ఈ నడుమ గర్వించుట మానెను. ఆ చాకులతో నతడు నిమ్మకాయనైన గోసి యెఱుగడు.

నలువదినాల్గవ గుంటలో నున్నది మాత్రము తనది కాదు.

మూడువారముల క్రిందట సపోటామొక్కకై కడియపు తోటలలో నొకదానికి బోయినపుడు మామిడియంటులు గట్టుచున్న బుల్లబ్బాయి చేతిలో నతడు దానిని జూచెను. అఱువదియేండ్లు దాటిన యా తోటపనివాడు ముక్కాలిపీటపై గూర్చుండి తల యెత్తకయే యొక యలుగును మడచి వేఱొక యలుగును విప్పుచుండెను. దుప్పికొమ్ము పిడిలో పెద్దయలుగు, వంకియలుగు, చిన్నఱంపము, బెరడు నెత్తు నాలుక, అంటుగట్టు అలుగు, వెరసి యైదు. మృత్యుంజయమూర్తి దగ్గఱకు బోయి యాశతో వంగి చూచెను. చాకులోని స్ప్రింగు వదులైనదని కనిపెట్టి తాను బాగుచేసి తెచ్చెదనని యడిగెను. చాకు చేతినుండి చేతికి మాఱినచో నిచ్చినవానికిని బుచ్చుకొన్నవానికిని గలహము పుట్టునని యా తోటలవారి నమ్మిక. ఇచ్చువాడు దానిని నేలనుంచి చేయి తీసిన పిమ్మటగాని పుచ్చుకొనువాడు ముట్టరాదు. బుల్లబ్బాయి దానిని తడిమట్టిపై నుంచి వెంటనే చేయి తీసెను. ముప్పదియేండ్లుగా వ్రేలివలె మెలగిన వస్తువునుండి యంత తేలికగా జేయి తీయుట మృత్యుంజయమూర్తికి వింతగా నుండెను.

స్ప్రింగు ఆ సాయంకాలమే బాగుపడెను. అంటుగట్టు అలుగు మాత్రము ఒకప్రక్క బల్లపఱుపుగను ఒకప్రక్క వాలుగను నరిగి యుండెను. ఎఱుకలేని చేతులు వంకరగా నూరిన ఫలమని జాలిపడి మూడుదినములు సానరాతిపై నోపికతో నూరి యతడు రెండుప్రక్కలను సమము చేసెను. తన జన్మమున నింత చక్కని పని చేయలేదనుకొనెను. పిమ్మట బెట్టెలో దానికొక గుంట చెక్కెను. ఆలస్యము చేయువాడు గుంట చెక్కునా యని యిప్పుడు మనస్సు ప్రశ్నించుచుండెను. ఆ ముసలివాని చేతిలో నిది యైదేండ్లలో నరిగిపోవును, మఖమలులో నూఱేండ్లుండునని తానే బదులు చెప్పుకొనుచుండెను. బుల్లబ్బాయి మొదటివారము వచ్చినపుడు తగిన స్ప్రింగు చెన్నపట్టణమునుండి రావలెనని చెప్పి అందాక వాడుకొమ్మని తన విదేశపు చాకులలో నొకదానిని ఎరువిచ్చి పంపెను. అబద్ధ మింత సుళువుగా నమ్మబడుట యతనికి నిద్ర చెఱచెను.

వాకిలి తలుపు కిఱ్ఱుమనెను. బుల్లబ్బాయి తడిసిన తలగుడ్డ పిండుకొని యరుగుమెట్టుపై గూర్చుండెను. కడియములో గురిసిన వానను గూర్చియు దారిలో మొరాయించిన బస్సును గూర్చియు జాలసేపు చెప్పెను గాని తన చాకు మాట యెత్తలేదు. కడకు మూట విప్పి యెరువుచాకును నేలనుంచి చేయి తీసెను.

"ఇందులో సీసా బిరడా తీసేది కూడా ఉందండి, పంతులుగారూ. మామిడికొమ్మకి బిరడా ఎక్కడుంటాదండి?"

మృత్యుంజయమూర్తి కావలసినదానికంటె నెక్కువ నవ్వెను. ఆ నవ్వు చల్లారిన తరువాత దానిని దిరిగి తెచ్చుటకు గారణ మడుగగా బుల్లబ్బాయి తల వంచుకొని చెప్పెను. దానితో నలువది యంటులు గట్టగా ముప్పది యెండిపోయెనట. ఈ యాషాఢమున గట్టు నంటులు కూడ నిట్లే యైనచో పీటపై వేఱొకని గూర్చుండబెట్టి తన్ను కుండీలు మోయ బంపెదనని తోట యజమాని చెప్పినాడట.

"పదును లేదా?" అని మృత్యుంజయమూర్తి యడిగెను.

"పదునుకేం, గెడ్డం గీసుకోవచ్చండి. రెండు పక్కలా సాన పట్టేసుంది, అదీ చిక్కు. ఒక పక్క బల్లపరుపుగా ఉంటేనే గాటు చదునుగా వస్తాది, కొమ్మా కొమ్మా గాలి దూరకుండా అతుక్కుంటాయి. నా చాకుకి ఒక పక్కే సానండి. మా మావ పట్టిన సాన."

మృత్యుంజయమూర్తి లేచి లోపలికి బోయెను. పెట్టెముందు నిలిచెను. స్ప్రింగు రాలేదనవచ్చును, చాకు పోయినదనవచ్చును, ఏది చెప్పినను బుల్లబ్బాయి నమస్కరించి లేచిపోవును. ఆ నమ్మకమే యతనిని భయపెట్టెను. తాను సరిదిద్దినది వంకర కాదు, ఒక చేతి నేర్పు. ముప్పదియేండ్లు గాజుసీసాలలోని జీవములకు చీటీ లంటించిన తన చేతులు ఒక్కమాఱు నిజముగా నొక పని చేసెను, అది యిది. పెట్టె మూసిన గొళ్లెము పడును, ఎవ్వరికి దెలియదు. తనకు దెలియును. తనకు దెలిసినంత మాత్రమున నేమగునని మనస్సు మరల నడిగెను. అతడు చాకును దీసికొని యరుగుమీదికి వచ్చెను.

ఎదుట బాసిపట్లు వేసికొని కూర్చుండి చాకులోని యంటుగట్టు అలుగును విప్పి నేలనుంచెను.

"స్ప్రింగు ఆ రోజు సాయంత్రమే బాగైంది, బుల్లబ్బాయీ. నేనే ఇవ్వలేదు. వంకరగా ఉందనుకుని దీన్ని కూడా రెండు పక్కలా నూరేశాను."

బుల్లబ్బాయి చాకును ముట్టలేదు. ముందునకు వంగి తల యొకప్రక్కకు వాల్చి చిగురు వేయని యంటును జూచునట్లు దాని యంచును జూచెను. చూరునుండి నీటిబొట్టు పడెను, మఱియొకటి పడెను.

"శానా శ్రద్ధగా నూరేరండి," అని కడకు బలికెను. ఆ మాటలో నెత్తిపొడుపు లేకుండుటయే మృత్యుంజయమూర్తికి దుస్సహమయ్యెను.

"మళ్ళీ దారికి రాదా?"

"రెండు పూటలా రాయి మీద వేస్తే నాలుగు రోజుల్లో వస్తాదండి. ఆషాఢం ఇంకా పన్నెండు రోజులుంది. అలుగే సన్నబడిపోద్ది. పదేళ్ళు వచ్చేది ఐదేళ్ళు వస్తాదనుకోండి. నాకు ఐదేళ్ళు చాలు." అతడు మెట్టుపై సర్దుకొని మబ్బును జూచెను. "చెయ్యి తీయండి, పంతులుగారూ. మళ్ళీ వానొచ్చేలాగుంది."

అప్పుడు మృత్యుంజయమూర్తి తన చేతిని జూచెను. నాలుగు వ్రేళ్లును దుప్పికొమ్ము పిడిపై నదిమియే యుండెను. గోళ్లు తెల్లబడి యుండెను. ఎంతసేపటినుండి యట్లున్నవో యతడెఱుగడు. ముందుగా చిటికెనవ్రేలు లేచెను, దాని వెనుక ఉంగరపువ్రేలు. తక్కిన రెండును గొంతసేపు నిలిచెను. పిడి యింకను అతని వేడితో వెచ్చగా నుండగనే యతడు చేయి తీసెను.