నిలబడి తినే విందు

వెండెల్ ప్రూయిట్ ఆఖరి కుర్చీని కూడా హాల్లోంచి ఈడ్చుకెళ్లి, నడవాలో మిగతా వాటి మీద పేర్చాడు. గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. వాషింగ్టన్‌లో ద్రాక్షరైతుల సంఘం ఇచ్చే ప్రతి విందుకూ అతని మొదటి పని ఇదే. చట్టసభ సభ్యుడికి భోజనం పెడితే లంచం కిందికి వస్తుంది. నిలబడి, పుల్లతో గుచ్చుకుని రెండు ముక్కలు నోట్లో వేసుకుంటే మర్యాద. కుర్చీ కనిపించిందంటే ఆ మర్యాద కాస్తా లంచమైపోతుందని వెండెల్ నమ్మకం. ఫోర్కులు కూడా పెట్టనిచ్చేవాడు కాదు.

పొట్టి మనిషి. నల్లకోటు మోచేతుల దగ్గర అరిగి మెరుస్తుంటుంది. సాయంత్రమయ్యేసరికి చీలమండలు వాచి బూట్ల మీదికి పొంగుతాయి. గుండె బలహీనంగా ఉంది, ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. నిలబడడమే ఉద్యోగమైనవాడికి ఆ మాట చెప్పి ఏం లాభం? భార్య పోయింది, పిల్లలు లేరు. సంఘం ఫోటోల్లో ఎక్కడైనా పడితే, ట్రే పట్టుకున్న చెయ్యి వరకే పడ్డాడు.

ఈసారి మాత్రం అతనికొక కోరిక పుట్టింది. కాలిఫోర్నియాలో అడవులు తగలబడినప్పుడల్లా ఆ పొగ ద్రాక్షకు పట్టేస్తుంది. పంట చూడడానికి నిక్షేపంలా ఉంటుంది, వైన్ తీస్తే బూడిద రుచి. పొగకు బీమా రాదు. వచ్చేలా పంటల బీమా బిల్లులో ఒక్క వాక్యం చేర్పించాలని సంఘం కాళ్లరిగేలా తిరుగుతోంది. చట్టసభ కమిటీలో ఆ మాట ఎత్తవలసిన సభ్యుడు హోల్కమ్. విందుల్లో గ్లాసు పట్టుకుంటాడే గాని పెదవికి తగలనివ్వడు. అతని చేత ఆ బూడిద వైన్ ఒక్క గుక్క తాగించాలని వెండెల్ పంతం. అందుకే కాలిఫోర్నియాలోని లేక్ కౌంటీ నుంచి అయోనీ బెర్టోల్డిని సీసాతో సహా రప్పించాడు. ఆ ముసలామె వరసగా రెండు పంటలు పొగకు పోగొట్టుకుంది. ఆ వాక్యం పడకపోతే తోట పీకించడం తప్ప ఆమెకు దారి లేదు.

అయోనీ వచ్చి హాలంతా కలియజూసింది.

"కూర్చోడానికేదీ లేదేంటయ్యా? చావింట్లో కూడా కుర్చీ వేస్తారే."

"కూర్చుంటే భోజనమైపోతుందమ్మా. కాసేపు ఓర్చుకోండి."

"బాగుంది మీ ఊరి న్యాయం. నిలబెట్టి తాగిస్తే తప్పు లేదు, కూర్చోబెట్టి రొట్టె పెడితే నేరం."

వెండెల్ నవ్వి, ఆనుకోడానికి ఆమెకు కిటికీ గట్టు చూపించాడు. తను ఆ వైన్ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

హాలు నిండింది. జున్ను పళ్లేలు ఖాళీ అయ్యాయి. హోల్కమ్ జాడ లేదు. వెండెల్ చొక్కా చెమటకు వీపుకంటుకుంది, పెదవులు నీలిరంగుకు తిరిగాయి.

"బాబూ, ఇతనికో కుర్చీ తెప్పించు," అంది అయోనీ, సంఘం అధ్యక్షుడు బ్రెంట్‌ను పిలిచి.

బ్రెంట్ కుర్రవాడు. ఈ మర్యాదలన్నీ వెండెల్ దగ్గర నేర్చుకున్నవే. "ఒక్కటి కూడా వద్దని మీరే కదా చెప్తారు?" అని వెండెల్ వంకే చూశాడు.

"వద్దు. ఫోటోలు తీస్తున్నారు. హోల్కమ్ వచ్చి వెళ్లాక కూర్చుంటాను," అన్నాడు వెండెల్.

హోల్కమ్ వచ్చాడు. వెండెల్ గ్లాసు ముందుకు చాచాడు. "ఇదొక్కటీ తాగండి సార్. ఇన్నేళ్లలో నేను మిమ్మల్నేమీ అడగలేదు."

ఆ మాటకు కాబోలు, హోల్కమ్ తాగాడు. మొహం చిట్లించాడు. "ఇదేం వైన్? సిగరెట్లార్పిన గ్లాసు కడక్కుండా పోసినట్టుంది."

"నా పంటే," అంది అయోనీ.

హోల్కమ్ గ్లాసు వెనక్కి చాచాడు. "పొద్దున తాగించాల్సిందమ్మా. ఆ వాక్యం మధ్యాహ్నం కొట్టేశాం."

వెండెల్ తల ఊపాడు. గ్లాసు తీసుకుని, చుక్క ఒలకకుండా ట్రేలో పెట్టాడు. తర్వాత గోడవారగా జారి నేల మీద కూలబడ్డాడు. అయోనీ పక్కనే చతికిలబడి అతని తల ఒళ్లోకి తీసుకుంది. బ్రెంట్ నడవాలోకి పరుగెత్తి కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చాడు.

"ముందే వెయ్యకపోయారా?" అన్నాడు హోల్కమ్.

"వేస్తే మీకు చిక్కొస్తుందని..." అన్నాడు బ్రెంట్.

"కుర్చీతో చిక్కేముంది? మాకు భోజనం పెట్టకూడదన్నారు గాని, ఒంట్లో బాగాలేనివాణ్ణి కూర్చోబెట్టొద్దని ఎవరన్నారు?"

ఆ మాట వెండెల్ విన్నాడో లేదో తెలియదు. అంబులెన్సు వచ్చేసరికే పోయాడు.

అందరూ వెళ్లాక దీపాలార్పడానికి వచ్చినవాళ్లు పళ్లేలూ గ్లాసులూ తీసేశారు. హాలు మధ్యలో కుర్చీ ఒక్కటే మిగిలింది, ఎవరూ కూర్చోనిది.