కంచె లోపల మా సమాధి

మా వంశం సమాధి అమెరికా సైనిక స్థావరంలో ఉంది. అలా అంటే మా అత్తయ్య ఉతోకు ఒళ్ళు మండుతుంది. "స్థావరమే మన సమాధి చుట్టూ ఉంది" అంటుంది. ఆవిడకి తొంభై ఒక్క ఏళ్ళు. ఆవిడకి ఎదురు చెప్పి నెగ్గినవాళ్ళు ఒకినావా దీవి మొత్తం మీద లేరు. పదకొండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, అమెరికాతో యుద్ధంలో నెల రోజులు రాతిగదిలాంటి ఆ సమాధిలోనే దాక్కుని బతికింది. తర్వాతే మా ఇంటి కోడలైంది.

ఏటా ఏప్రిల్‌లో షీమీ పండుగకు, గేటు దగ్గర పాసులు చూపించి లోపలికి వెళ్తాం. సమాధి ముందు చాప పరిచి, పోయినవాళ్ళకు పెట్టి, వాళ్ళతో కలిసి తింటాం. ఆరేళ్ళ కిందట పోయిన నా మొగుడు సేయ్‌కీని కూడా అక్కడే ఉంచాం.

ఈ మార్చిలో స్థావరం నుంచి మేజర్ హాలిస్ ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. పదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, మా మాట బాగానే మాట్లాడతాడు. సముద్రం అవతల చైనా బలం పెరిగిపోతోందట. దాన్ని ఆపాలంటే సరిగ్గా మా సమాధి ఉన్న గుట్ట మీదే క్షిపణులు పెట్టాలట. ఊరి బయట కొత్త సమాధి కట్టిస్తారట. అత్తయ్య సంతకం బదులు వాడే తన పేరు ముద్ర వేస్తే చాలట.

నిజం చెప్తాను, నేను వేయించేద్దామనే అనుకున్నాను. నా మొగుణ్ణి చూడ్డానికి ఎవడో తుపాకీవాడికి పాసు చూపించి నిలబడీ నిలబడీ విసిగిపోయాను.

"వేసేయండి అత్తయ్యా, ఎన్నాళ్ళీ పోరు?" అన్నాను.

ఆవిడ నా వైపు చూడను కూడా లేదు. "సమాధి నా ఒక్కదానిదా? పెద్దల్ని అడగాలి. అక్కడికే వెళ్ళి, తిండి పెట్టి అడగాలి. నువ్వూ రా బాబూ" అంది మేజరుతో.

షీమీ నాడు వచ్చాడు. బూట్లు విప్పాడు గానీ, మోకాళ్ళు మడవడం చేతకాక పాపం నానా అవస్థ పడ్డాడు. నేను డబ్బాలు విప్పాను. ఉడికించిన పంది మాంసం, వేయించిన టోఫు, డబ్బా మాంసం ముక్కలు, పక్కన సారా. సమాధి దగ్గరికి వచ్చినవాడు తినకుండా లేవకూడదు.

"తిను. ఈ డబ్బా మాంసం మీ దేశానిది, మా ఆయనకి ప్రాణం. నువ్వు కూర్చున్న చాప చైనాది. సారా మాది. ఏటా మూడూ ఇక్కడే కూర్చుంటాయి, ఒక్కసారీ కొట్టుకోలేదు" అంది అత్తయ్య.

మేజర్ నవ్వాడు. "చాపలు అమ్మేవాళ్ళు వేరు అవ్వా, యుద్ధనౌకలు పంపేవాళ్ళు వేరు."

"మీ దేశం వాళ్ళ దగ్గర సరుకులు కొనదా?"

"కొంటుంది."

"ఓహో! బేరాలు మీ ఇంట్లో, గొడవలు మా ఇంట్లోనా?"

అతను ముక్క నమలడంలో పడ్డాడు.

అత్తయ్య ధూపం వెలిగించి, చేతులు జోడించి, లోపలున్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది. చివర్న కొడుకు పేరు దగ్గరికొచ్చింది. "సేయ్‌కీ, కదులుతావా నాయనా?"

నాకు ఏడుపు ఆగలేదు. నా విసుగంతా ఏమైపోయిందో తెలియదు. సిగ్గేసింది.

ధూపం ఆరిపోయాక, "ఏమన్నారు?" అన్నాడు మేజర్.

"మీరెప్పుడు వెళ్తారని అడుగుతున్నారు."

అతని మొహం మాడిపోయింది. "ముద్ర వేయకపోతే వచ్చే ఏడు మీకు పాసు రాదు అవ్వా."

"నాకెందుకు పాసు? వచ్చే ఏటికి అస్థికల కుండలో వస్తాను. నా కొడుకు పక్కన నాకు చోటుంది. పదకొండేళ్ళప్పుడు మీ సైనికుడొకడు ఇదిగో, ఇక్కడే నిలబడి 'బయటికి రా' అని అరిచాడు. భయపడి వచ్చాను. ఈసారి అరిచి చూడండి!"

ముద్ర నా సంచిలోనే ఉంది. ఆవిడ మనసు మారుతుందేమోనని పొద్దున నేనే పెట్టుకొచ్చాను. దాన్ని తీసి సమాధి రాళ్ళ సందులోకి జారవిడిచాను. లోపలెక్కడో టక్కుమని పడింది.

"ఆవిడ పక్కన నాకూ చోటుంది, మేజర్ గారూ" అన్నాను. "ఇంకో ముక్క తినండి."