కార్డు వెనకవైపు

మార్జీన్ కుచెరా నా స్నేహితురాలని చెప్పుకునే హక్కు నాకింకా ఉందో లేదో తెలియదు. పందొమ్మిదేళ్లు ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆమె వంటింట్లో బల్ల చుట్టూ ముగ్గురం కూర్చునేవాళ్లం: మార్జీన్, డెలోరిస్, నేను. మార్జీన్ దగ్గర బొమ్మలు ముద్రించే రబ్బరు స్టాంపులు బూట్ల డబ్బాల నిండా ఉండేవి. ఒకరి స్టాంపు ఇంకొకరం తీసుకుని, ఒకే ఇంకు ప్యాడ్ కోసం ముగ్గురం చేతులు చాపి, పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ ఒంట్లో బాగాలేనివాళ్లకీ కార్డులు చేసేవాళ్లం. పని పావు వంతు, కబుర్లు ముప్పావు వంతు.

మార్జీన్ భర్త ఎల్డన్ పొలం నుంచి వచ్చి, మేం తెచ్చుకున్న కేకులో ఒక ముక్క నోట్లో వేసుకుని, బొటనవేలు మా ఇంకులో అద్ది ఏదో ఒక కార్డు మూల ముద్ర వేసేవాడు. దానికి పెన్నుతో రెండు కాళ్లూ ఒక ముక్కూ గీసేవాడు. పిట్ట తయారు.

“ఇది అమ్మితే ఎంతకి పోతుందంటావు వెర్లా?” అని నన్నే అడిగేవాడు.

“కొన్నవాళ్లకి ఎదురు డబ్బులివ్వాలి” అనేదాన్ని.

అప్పట్లో అమ్మడమనే మాట మా బల్ల మీద నవ్వుకోవడానికే వచ్చేది.

బడి వంటశాలలో నా ఉద్యోగం తీసేసిన ఏడాది, ఒమాహా నుంచి కెండ్రా అనే అమ్మాయి వచ్చింది. స్టాంపుల కంపెనీ సరుకు అమ్మడానికి మాలాంటి ఆడవాళ్లను చేర్చడం ఆమె పని. మాట్లాడితే పళ్లన్నీ కనిపిస్తాయి.

“వెర్లాగారూ, ఇన్నాళ్లూ ఊరికే చేసిందే ఇప్పుడు డబ్బులకి చేస్తారు. అంతే తేడా. మీ స్నేహితులే మీ మొదటి కస్టమర్లు” అంది.

అంతే తేడా అని నేనూ నమ్మాను. మార్జీన్ని అడిగితే, “నాకు నోరు లేదు, నీకుంది. చెయ్యవే. మొదటి పార్టీ మా ఇంట్లోనే పెట్టు” అంది. పార్టీ అంటే ఇంటావిడ కాఫీ పెడుతుంది, నేను స్టాంపు వేసి చూపిస్తాను, వచ్చినవాళ్లు కేటలాగు తిరగేసి ఆర్డరు రాస్తారు. మార్జీన్ పదకొండుమందికి ఫోన్లు చేసి పిలిచింది. తెల్లవారుజామున లేచి ప్లమ్ పండ్ల గుజ్జు పెట్టి కొలాచీలనే తీపి బన్నులు కాల్చింది. నేను అమ్ముతుంటే నాకంటే ఆమే ఎక్కువ సంతోషపడింది.

నాకు అమ్మడం వచ్చింది, అదీ నా ఖర్మ. మరుసటి ఏడాది కంపెనీ సభలో నా పేరు పిలిచి నిలబడమన్నారు. వేలమంది ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇరవై మూడేళ్లు మూడొందల మంది పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించాను, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. తల తిరగదా మరి?

గురువారాలు మార్జీన్ వంటింట్లోంచి మా ఇంటి కింది గదికి మారాయి. ఎనిమిది కుర్చీలు వేశాను. కంపెనీకి మూడు నెలలకొక గడువు ఉండేది. ఆలోపు చెప్పినంత అమ్మకపోతే పేరు కొట్టేస్తారు. మార్జీన్ మాత్రం తన బూట్ల డబ్బా చంకన పెట్టుకునే వచ్చేది. అందులోవన్నీ కేటలాగులోంచి ఎప్పుడో తీసేసిన పాత స్టాంపులు. వచ్చినవాళ్లంతా వాటి చుట్టూ మూగి, ఇది ఎక్కడ దొరుకుతుందని నన్నడిగేవాళ్లు. దొరకదని చెప్పి చెప్పి విసిగిపోయి, ఒకరోజు ఆ డబ్బా ఇంట్లో పెట్టి రమ్మన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆమె కూడా నవ్వుతూనే సరేనంది. తర్వాత రెండు వారాలు ఉత్త చేతులతో వచ్చి, రావడం మానేసింది.

“ఏమే వెర్లా, మీ ఇంట్లో మంచినీళ్లు తాగినా ఆర్డరు రాయాలా?” అని డెలోరిస్ అందరి ముందూ దెప్పింది. దానికి కోపమొస్తే కోపం, నవ్వొస్తే నవ్వు, పక్క వారానికి మళ్లీ వస్తుంది. మార్జీన్ అలాంటిది కాదు. ఏదీ అనదు. అనని మనిషిని ఎలా బతిమాలుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

కెండ్రా నేర్పిన పద్ధతి ఒకటుంది. కార్డు వెనకవైపు ఖాళీగా వదలకూడదు. దానికోసం ఒక స్టాంపు చేయించాను: ‘ఈ కార్డు నచ్చిందా? ఇలాంటివి మీరూ చేసుకోవచ్చు. వెర్లా స్టానెక్‌కి ఫోన్ చేయండి.’ కింద నా నంబరు. ఒక్కో కార్డుకీ విడిగా కొట్టడం విసుగని, వాన పడే రోజు చూసుకుని అట్టలన్నీ మడిచి, కట్టకట్టలకి వెనక ముద్ర ముందే కొట్టి పెట్టుకునేదాన్ని. తర్వాత ముందువైపు ఏం కావాలంటే అది చేసుకోవచ్చు. చాలా తెలివైన పని అనుకున్నాను.

పోయిన జనవరిలో ఎల్డన్ వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ పార పక్కనే పడిపోయాడు. గుండె. ఆసుపత్రి బండి వచ్చేసరికే అయిపోయింది.

కబురు విని కింది గదిలో ఒక్కదాన్నే కూర్చుని కార్డు చేశాను. కేటలాగు తెరవలేదు. బూడిదరంగులో ఒక కంచె తీగ గీసి, నా బొటనవేలు ఇంకులో అద్ది, తీగ మీద ఎల్డన్ పిట్టని పెట్టాను. మూడుసార్లు చెడిపోయింది, నాలుగోసారి కుదిరింది. లోపల నా చేత్తో రాశాను: ‘ఎల్డన్ వేసిన పిట్టలన్నీ నా దగ్గర దాచుకున్నాను. నీకెప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు తెస్తాను.’ రాస్తూ ఏడ్చాను. కవరులో పెట్టి నాలుకతో తడిపి అంటించేశాను. ఆ కార్డులో ఒక్క అబద్ధం లేదు, ఎవరి మీదైనా ఒట్టేసి చెబుతాను.

ఎల్డన్‌ను చూడటానికి శవాలకు ముస్తాబు చేసే హవ్లిక్ గారింటికి ఊరు ఊరంతా వచ్చింది. గుమ్మం పక్కన, సంతకాలు పెట్టే పుస్తకం దగ్గర, కార్డులు వేసే బుట్ట ఉంటుంది. నా కార్డు అందులో వేసి డెలోరిస్ వెనక వరసలో నిలబడ్డాను. శవపేటిక దాకా ఇంకా ఇరవైమంది ఉన్నారు.

“అయ్యో, కార్డు వెనక పేరు రాయడం మర్చిపోయానే” అంది డెలోరిస్ చెవిలో. “మార్జీన్ మొదట వెనకవైపే చూస్తుంది.”

మేమందరం అంతే. కార్డు చేతికిస్తే మామూలు మనుషులు తెరిచి చదువుతారు. కార్డులు చేసేవాళ్లం తిప్పి, ఎవరు చేశారో ముందు చూస్తాం.

అప్పుడు గుర్తొచ్చింది. నేను తీసిన అట్ట ముందే ముద్ర కొట్టి పెట్టిన కట్టలోది.

“నా చోటు చూస్తుండవే” అని డెలోరిస్‌తో చెప్పి బుట్ట దగ్గరికి వెళ్లాను. అప్పటికే నా కార్డు మీద పదీ పదిహేను పడ్డాయి. అన్నీ తెల్ల కవర్లే. చెయ్యి లోపలికి పెట్టి వెతుకుతున్నాను.

“ఏమైనా పోయిందా అమ్మా?”

హవ్లిక్ గారు. నల్లకోటు వేసుకుని ఉన్నారు. ఆయన గొంతు ఎంత మెల్లగా ఉంటుందంటే అరిచినా ఓదార్చినట్టే ఉంటుంది.

“నా కార్డు... ఒకసారి వెనక్కి కావాలండీ.”

“వేసేసినవి మళ్లీ తీయకూడదమ్మా. చనిపోయినాయన పేర చర్చికిచ్చే డబ్బులు అందులోనే పెడతారు కదా జనం.”

వరసలో తలలు తిరిగాయి. బుట్టలో చెయ్యి పెట్టి నిలబడ్డ ఆడదాన్ని చూసి ఏమనుకుంటారో అదే అనుకున్నారు. నేను చెయ్యి తీసేశాను. హవ్లిక్ గారు నా వంక చూడకుండానే బుట్టని నెమ్మదిగా ఎత్తి, లోపల తన గదిలో పెట్టి తలుపు వేశారు. ఆ తలుపు వంక చూస్తూ వరసలోకి వెళ్లాను. ఇంకేం చేయగలను?

నా వంతు వచ్చింది. మార్జీన్ నన్ను చూడగానే, “వచ్చావా వెర్లా” అని నా భుజం మీద తల ఆనించింది. ఏడాదిలో మొదటిసారి అంత దగ్గరికొచ్చింది. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ఎల్డన్ పక్కన నిలబడి, కార్డు వెనక నా ఫోను నంబరుందే అని ఎలా చెప్పను? ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాను. వెనకవాళ్లు దగ్గారు. ముందుకి జరిగిపోయాను.

ఇంటికొచ్చి మా ఆయన రోలీతో చెబితే, “ఎవరు చూస్తారే వెనకాల!” అన్నాడు.

“మేం చూస్తాం.”

“అయితే వెళ్లి చెప్పు.”

“ఏమని?”

ఆయన టీవీ గొంతు పెంచాడు.

తొమ్మిది రోజులు ఆగాను. ఫోను మోగినప్పుడల్లా మార్జీనే అనుకుని ఉలిక్కిపడ్డాను. ఆమె చేయలేదు. పదోరోజు నేనే వెళ్లాను. వాకిట్లో మంచు ఎవరో సగం ఎత్తి సగం వదిలేశారు.

తలుపు తీసి, “రా, లోపలికి రా” అని ముందుగదిలోకి తీసుకెళ్లింది. పందొమ్మిదేళ్లలో ఆ సోఫాలో నేను కూర్చోలేదు. ఎప్పుడూ పక్క గుమ్మంలోంచి నేరుగా వంటింట్లోకే. కాఫీ, సాసరు పెట్టిన కప్పులో తెచ్చింది.

“కార్డు చూశావా?” అన్నాను.

“చూశాను. ఆ పిట్టని చూసి చాలాసేపు ఏడ్చాను.”

“వెనకాల...”

“అదీ చూశాను.”

“అట్టలన్నిటికీ ముందే కొట్టి పెట్టుకుంటానే. చూసుకోలేదు. ఒట్టు.”

“తెలుసు. కావాలని చేశావని ఒక్క నిమిషం కూడా అనుకోలేదు.”

గుండెలమీంచి బండ దిగినట్టయింది. కాఫీ ఒక గుక్క తాగగలిగాను. “మరి కోపం లేదా?”

“కోపమైతే బాగుండేది వెర్లా. నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.” చేతిలో కప్పు తిప్పుతూ కూర్చుంది. “వెనక చూశాక మళ్లీ తెరిచి చదివాను. నీకెప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు తెస్తానన్నావు చూడు, పిట్టలతో పాటు కేటలాగు కూడా తెస్తావేమో అనిపించింది.”

“మార్జీన్!”

“తప్పేనే. అనిపించింది, ఏం చెయ్యను? పోయిన మార్చిలో ఫోన్ చేశావు గుర్తుందా? నువ్వు లేక గురువారాలు బోసిగా ఉన్నాయే, రావే అన్నావు. ఎంత సంబరపడ్డానో. ఎల్డన్ పనిలో ఉంటే పిలిచి మరీ చెప్పాను. తీరా వచ్చాక తెలిసింది, మీ మూడు నెలల గడువుకి అది ఆఖరి వారమని.”

గురువారాలు నిజంగానే బోసిగా ఉన్నాయి. అది నిజంగానే ఆఖరి వారం. ఫోను ఎత్తినప్పుడు నా మనసులో ఏది ముందుందో నాకే తెలియదు. తెలిసినా, ఇప్పుడు చెబితే ఆమెకు తెలుస్తుందా?

“మానేస్తానే. రేపే కంపెనీకి రాసేస్తాను” అన్నాను.

“నాకోసం మానకు. నీ ముఖం వెలిగిపోతుంటే చూసినదాన్ని. మానేసినా, నాకు గుర్తున్నవి గుర్తుండే ఉంటాయి కదా.”

అంత మెత్తగా అంది. తిట్టే మనిషైతే కాళ్లు పట్టుకోవచ్చు. మార్జీన్ నా కప్పు ఖాళీ అయిందా అని చూస్తోంది.

లేచాను. గుమ్మం దాకా వచ్చింది. ఆమె వెనక ఇల్లంతా ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో ఆమె ఒక్కతే తింటుందని తల్చుకున్నాను.

“ఆదివారం మా ఇంటికి భోజనానికి రావే. కోడి వండుతాను.”

మార్జీన్ ముఖంలో ఒక చిన్న మార్పు వచ్చింది.

“ఇంకా ఎవరెవరు వస్తున్నారు?” అంది.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. పార్టీకి పిలిచిన ప్రతి ఆడదీ అడుగుతుంది. ఆర్డరు రాయకుండా తప్పుకోవడం ఎంత కష్టమో చూసుకోవడానికి అడుగుతుంది.

“ఎవరూ లేరు. రోలీ కూడా ఉండడు. నువ్వూ నేనూ, అంతే.”

ఆమె నన్ను నమ్మాలని చూసింది. నిజంగా ప్రయత్నించింది, నాకు కనిపించింది. తర్వాత నా చెయ్యి మీద చెయ్యి వేసి, ఎంతో మర్యాదగా నవ్వింది.

“ఈ ఆదివారం కుదరదులే. ఒక నల్ల ఇంకు ప్యాడ్ రాసుకో. నాది ఎండిపోయింది.”

దానికోసం రాలేదే, అనబోయాను. మాట నోటి దాకా వచ్చింది. కానీ వద్దంటే ఇంకేం మిగులుతుంది? మళ్లీ ఏ ముఖం పెట్టుకుని ఈ తలుపు కొడతాను? సంచిలోంచి ఆర్డరు పుస్తకం తీసి, మార్జీన్ కుచెరా, నల్ల ఇంకు ప్యాడ్, ఒకటి, అని రాసుకున్నాను. సరుకు రావడానికి పది రోజులు పడుతుంది. వచ్చాక నేనే తెచ్చి ఇవ్వాలి.