ఒక్కసారే వెలిగింది

నా రాతలో తప్పులుంటాయి, సర్దుకుని చదవండి. మా ఆయన పోయిన మరుసటి ఏడు, యాభై నాలుగో ఏట అక్షరాలు దిద్దుకున్నాను. ఈ కాగితం రాయడానికే నాలుగు రోజులు పట్టింది. నాకంటూ ఒక గది ఎలా తీసుకున్నానో చెప్పాలని రాస్తున్నాను.

పొయ్యి మీద పాలు పెట్టి చూస్తూ నిలబడితే ఒక్క చుక్క పొంగనిచ్చేదాన్ని కాదు. సరిగ్గా అప్పుడే అత్తగారు ముందుగదిలోంచి ఏదో అడిగేవారు. ఆ మాటకి చెవి పెడితే కళ్ళెదుట ఉన్న పాలు లేనట్టే అయ్యేవి. పాలు చూస్తే మాట పోయేది. "చెవులు కమ్మలు పెట్టుకోవడానికేనా?" అనేవారావిడ. పొంగిన పొయ్యి తుడిచేది మాత్రం నేనే. ఆయనది ఇంకో గొడవ. "మాట్లాడుతుంటే గోడ చూస్తావేంటి, నా మొహం చూడు." చూస్తే మీసం కదలడం కనిపించేది తప్ప మాట అందేది కాదు. గోడ చూస్తేనే పూర్తిగా వినబడేది. ఆ సంగతి చెబితే పొగరన్నారు. ముప్పై ఏళ్ళు మొహమే చూశాను, సగం మాటలు పోగొట్టుకున్నాను. చివరికి నాకు పరధ్యానం అని పేరు పెట్టారు. చుట్టాల ముందు కూడా "పరధ్యానం, మంచినీళ్ళు తే" అనేవారు. ఆయన పోయాక వేరే ఉంటానంటే, మా మరిది "పాలు చూసుకోలేవు, ఒక్కదానివి ఎలా ఉంటావు వదినా?" అని నవ్వాడు. ఆ పాలు కాచేది వాళ్ళింటిల్లిపాదికీ నేనే.

మా అమ్మాయి అక్షరం చూపిస్తూ పలికేది. నాకు రెండూ అందేవి కావు. "ముందు చెప్పు. ఆ తర్వాత నోరు మూసుకుని చూపించు తల్లీ" అన్నాను. ఎనిమిది నెలల్లో పేపరు చదివాను. అప్పటినుంచి నాది పరధ్యానం కాదేమోనని దానికి అనుమానం. మొన్నామధ్య డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆటిజం అన్నారావిడ, అరవయ్యో ఏట. పెద్దవాళ్ళలో చూపూ వినికిడీ ఎలా కలుస్తాయో పరీక్షిస్తున్నామని మా ఇద్దర్నీ ఒక తెర ముందు కూర్చోబెట్టారు. చుక్క వెలిగింది. దాంతోపాటే కీక్, కీక్ మని చప్పుడైంది.

"ఎన్నిసార్లు వెలిగిందమ్మా?"

"ఒక్కసారి."

"రెండు కదమ్మా" అని అమ్మాయి నా మోచెయ్యి నొక్కింది. మళ్ళీ తప్పు చెప్పాననుకుని తెర మీంచి చూపు తిప్పేసుకున్నాను.

డాక్టరమ్మ నవ్వారు. "వెలిగింది ఒక్కసారే. రెండు చప్పుళ్ళు వింటే చాలామందికి రెండు వెలిగినట్టే కనిపిస్తుంది. ఆటిజం ఉన్నవాళ్ళందరూ మీలా ఉండరనుకోండి. మీ కన్ను మాత్రం మోసపోలేదు."

అమ్మాయి నా వంక చూసింది. నేను గోడ వంక చూస్తూ ఆ మాట మొత్తం విన్నాను.

మరుసటి వారమే గది చూసుకున్నాను. మరిది వెంటవచ్చాడు. ఇంటి ఓనరు అద్దె కాగితం నా చేతిలో పెట్టి, నీళ్ళు ఎప్పుడొస్తాయో, చెత్త ఎక్కడ వెయ్యాలో ఏకధాటిగా చెబుతున్నాడు. "ఈవిడకి ఎక్కదండీ" అన్నాడు మరిది. "పద వదినా, ఇదంతా నీవల్ల కాదు."

చెయ్యెత్తాను. "ఇద్దరూ కాసేపు మాట్లాడకండి. చదివాక వింటాను."

గొంతు పెంచలేదు. ఇరవై నిమిషాలు ఇద్దరు మగవాళ్ళు నోరు మెదపకుండా నిలబడ్డారు. వేలు పెట్టి ప్రతి వరుసా చదివాను. రెండో పేజీలో ‘ఉండేవారు ఇద్దరు’ అని ఉంటే, ‘ఒక్కరే’ అని దిద్దించాను. ఆ తర్వాత కళ్ళు మూసుకుని "ఇప్పుడు చెప్పండి" అన్నాను. విన్నదంతా తిరిగి అప్పజెప్పాను. ఓనరు మరిది వైపు తిరిగి, "ఈవిడకా ఎక్కదన్నారు?" అన్నాడు. సంతకం పెట్టాను.

పేరు, పరధ్యానం అనేవారు. వయసు అరవై. ఉండేది మూడో అంతస్తులో ఎడమవైపు గది. కాలింగ్ బెల్ పీకించేశాను. వచ్చినవాళ్ళు తలుపు తట్టాలి. నా పాలు పొయ్యి మీదుంటే, కాగేదాకా ఆగాలి.