అక్క వేళ్ల తుప్పు

పొద్దున్నే అక్క కుట్టుమిషనుకు నూనె వేసి, చేతులు సబ్బుతో తోముకుని, ముందుగా తెల్లబట్టలు కుట్టేసేది. వీధి నిద్రలేచాక ఎవరి గొప్ప కంటపడి కడుపు మండుతుందో చెప్పలేం. మండిందంటే ఆవిడ వేళ్ల కొసల నుంచి తుప్పు రాలుతుంది. చిన్నప్పటినుంచీ అంతే. వాళ్లమ్మ చీపురు పట్టుకొచ్చి, "ఇవాళ ఎవరి మీదే?" అని మాత్రం అడిగేది.

ఈమధ్య అడగక్కర్లేదు. వీధి చివర నీళ్ల షెడ్డులో ఉద్యోగం చెల్లెలికి వచ్చింది. ఇద్దరూ ప్రయత్నించారు. అక్కడేం అడుగుతారో, ఏం చెప్పాలో చెల్లెలికి నేర్పిందే అక్క!

ఆ వీధి బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉంది. రంగూ రుచీ లేని విషం. అరచేతుల్లో గట్టి మచ్చలు తేలేదాకా ఉన్నట్టే తెలియదు. అందుకని షెడ్డులో పెద్ద డ్రమ్ము నిండా తుప్పు పట్టించిన ఇసుక పోశారు. నీళ్లు అందులోంచి దిగేటప్పుడు విషం తుప్పుకు అతుక్కుపోతుంది. చెల్లెలు చేసేదల్లా కుళాయి తిప్పడం, విషముంటే పసుపుపచ్చగా మారే పరీక్ష కాగితం చూడటం. ఆ మాత్రానికే అందరూ "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లమమ్మా" అంటుంటే అక్కకి ఒళ్లు మండిపోయేది. స్కూలు చొక్కాల మీద ఎర్రమరకలు పడ్డాయి. ఒకాయన చొక్కా మొహాన కొట్టినంత పనిచేశాడు. ఇలాగైతే మిషను మూలన పెట్టాల్సిందే.

ఒకరోజు చెల్లెలు మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఇసుక పని అయిపోయిందక్కా. ఇంక విషాన్ని పట్టదట. కాగితం పచ్చబడింది. కొత్త ఇసుక ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలీదు."

అంటూనే మిషను కింద పోగుపడిన తుప్పు చూసింది. ఊడ్చిపెడతానని చేటలోకెత్తి పట్టుకుపోయింది.

ఆ తుప్పు డ్రమ్ములో పోశాక కాగితం తెల్లబడింది. కుళాయి తెరిచారు. మళ్లీ మెప్పంతా చెల్లెలికే. సంగతి తెలిసి అక్క చెప్పులైనా వేసుకోకుండా షెడ్డుకు పరుగెత్తింది.

"అది నా కడుపుమంటే! అదీ నీ ఖాతాలోనేనా?"

వరసలో నిలబడ్డవాళ్లు నోళ్లు తెరిచారు. చెల్లెలు తలవంచుకుంది. "అవును, ఇది మా అక్క తుప్పే."

ఇక వీధంతా అక్క చుట్టూ చేరింది. చొక్కా తిరిగిచ్చినాయన తెల్లగుడ్డ పట్టుకుని వచ్చాడు. అక్కకి ఎవరిమీదా ఏడుపు రాలేదు. తుప్పు ఆగిపోయింది.

కొన్నాళ్లకు కాగితం మళ్లీ పచ్చబడింది. కుళాయి మూతబడింది. పిల్లలు దొంగతనంగా బోరు నీళ్లే తాగేస్తున్నారు. చెల్లెలు కొత్త గడియారం పెట్టుకుని అక్క ముందు చెయ్యి ఊపింది.

"ఆఫీసరుగారు మెచ్చుకుని ఇచ్చారక్కా. ఎంత బాగుందో చూడు."

"నీ చేతికి భలే నప్పిందే" అంది అక్క, మనస్ఫూర్తిగా. పొడి రాలని అక్క వేళ్లకేసి చూసి చెల్లెలు నీరుగారిపోయింది.

అంతలో డబ్బా పట్టుకుని ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. చెల్లెల్ని చూసుకోలేదు. "షెడ్డు పిల్లని అడిగి ఏం లాభం అక్కగారూ? అసలు మనిషి మీరని మీ దగ్గరికే వచ్చా."

చెల్లెలు పిడికిళ్లు బిగించింది. కొత్త గడియారం మీదుగా ఎర్రటి పొడి జలజలా రాలింది.

అక్క లేచి చేట తెచ్చింది. చెల్లెలి చేతుల కింద పట్టి, మెల్లగా అడిగింది.

"ఇవాళ ఎవరి మీదే?"

"నీమీదే" అంది చెల్లెలు, వెక్కుతూ.

అక్క చేట ఇంకాస్త దగ్గరికి జరిపింది.