నిద్రపోయే చేప

మా అక్వేరియం షాపులో ముందువరస తొట్టిలోని చిన్న చేపలు మాయమవుతున్నాయి. చచ్చి తేలితే వలతో తీసి పారేస్తాం, అది వేరే సంగతి. ఇవి తేలడం లేదు. షాపులో ఉండేది ఇద్దరమే, నేనూ, మా ఇంట్లోనే ఉండే నా బావమరిదీ. వాడే చాటుగా అమ్ముకుంటున్నాడని నాకు రూఢి అయిపోయింది. వాడు ఈల వేస్తే అనుమానం, వేయకపోతే ఇంకా అనుమానం.

ఆ మాటే ఓ రాత్రి మా ఆవిడతో అన్నాను.

"మతి పోయిందా మీకు? అమ్మ పోయాక వాణ్ని పెంచింది నేను. అడక్కుండా మంచినీళ్లు కూడా తాగడు వాడు!" అని ఇంతెత్తున లేచింది. నాకూ భయంగానే ఉంది. వాడు నిజంగా దొంగయితే ఈమె తట్టుకోలేదు. అయినా అనుమానం తొలుస్తూనే ఉంది.

ఆ తొట్టిలో పెద్ద చేప ఒక్కటే, మలావీ సరస్సు జాతి మచ్చల సిక్లిడ్. ఉత్త సోమరిపోతు. ఇసుక మీద పక్కకు ఒరిగి పడుకుంటుంది. "నిద్రపోయే రకమండీ, చచ్చిందనుకుని పారేసేరు," అని అమ్మినవాడే చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం షాపులో భోజనమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, గురక కూడా పెట్టాను. కళ్లు మాత్రం సన్నగా తెరిచే ఉంచాను. బావమరిది తలెత్తకుండా ఫిల్టర్లు కడుగుతున్నాడు.

తొట్టిలో మచ్చల చేప కూడా పడుకుంది. ఒంటి మీది మచ్చలతో అచ్చం కుళ్లిన శవంలా ఉంది. తినడానికి ఏదో దొరికిందని చిన్న చేపలు చేరి పొడవడం మొదలుపెట్టాయి. దాని కన్ను కదిలింది. తటాలున నోరు తెరిచింది. ఒక చిన్న చేప లేదు. ఏమీ ఎరగనట్టు అది మళ్లీ పక్కకు ఒరిగింది.

నేను ఎగిరి లేచాను. "ఒరేయ్, దొంగ దొరికింది! ఈ చేపేరా!" సంతోషం ఒకపక్క, సిగ్గు ఒకపక్క. "నిన్ను అనుమానించానురా. తప్పయిపోయింది."

వాడు చేతులు తుడుచుకున్నాడు. "తెలుసు బావా. మీ అసలు గురక ఇలా ఉండదు."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

"మీరు అనుమానిస్తే ఏముంది బావా, మీ షాపు. పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అక్క నా సంచి వెతుకుతోంది. నన్ను చూసి, ఉతకడానికి బట్టలు తీస్తున్నానంది."

వాడు ఫిల్టర్ వైపు తిరిగాడు.

"అన్నీ ఉతికిన బట్టలే బావా."