కారుకు ఎదురు నిలబడే పని

డార్సీ తన కొత్త పని గురించి చెప్పినప్పుడు వెల్డా బార్న్‌హార్ట్ వంటింట్లో బిస్కెట్ల పిండి కలుపుతోంది. కూతురు చెప్పిందంతా విని, పిండి చేతులతోనే కుర్చీలో కూలబడింది.

"మళ్లీ చెప్పు. కారు వస్తుంటే ఏం చెయ్యాలన్నావు?"

"ఎదురుగా నిలబడాలమ్మా. అంతే."

"పక్కనా?"

"పక్కన కాదు. ఎదురుగా."

వెల్డా భర్త హోయ్ట్ కాఫీ కప్పు వెనకాల నవ్వు దాచుకున్నాడు. వెల్డాకి నవ్వు రాలేదు. ఆమె కళ్లముందు అప్పటికే ఆసుపత్రి వరండా, తెల్ల దుప్పటి, ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యడం అన్నీ వరసగా కదిలిపోయాయి. ఇలాంటివి కళ్లముందుకు తెచ్చుకోవడంలో ఆమెకు ఆలస్యం ఎప్పుడూ లేదు.

అమెరికా దక్షిణాన కరోలినాలోని ఆ ఊళ్లో కారు పందేలతో సంబంధం లేని ఇల్లు వెతికినా దొరకదు. ఒకింట్లో ఇంజన్లు విప్పేవాడుంటే, పక్కింట్లో రేకులు అతికేవాడుంటాడు. హోయ్ట్ కూడా కుర్రతనంలో మట్టి బాటల మీద పందేలు తోలినవాడే. కాకపోతే వాళ్లకి తెలిసినవన్నీ స్టాక్ కార్లు, గుండ్రటి బాట మీద ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగే బరువైన కార్లు. ఫార్ములా వన్ వేరు. అది సముద్రం అవతలి సంగతి. ఆదివారం పొద్దున చర్చికి తయారవుతూ టీవీలో దాన్ని చూడటమంటే, గొప్పవాళ్ల పెళ్లిని గేటు బయట నుంచి చూసినట్టే ఉండేది వాళ్లకి. అలాంటిది పీడ్‌మాంట్ అనే కొత్త జట్టు, అచ్చంగా అమెరికా జట్టు, వచ్చే ఏడు ఆ పందేల్లో దిగుతోంది. ఆ కారు తయారవుతున్నది ఎక్కడో కాదు, ఒకప్పుడు తువ్వాళ్ల మిల్లు ఉన్న చోట, వెల్డా తల్లి బతుకంతా అంచులు కుట్టిన చోట. ఈ మాట ఊళ్లో తెలిసినప్పుడు మంగలి షాపులో కత్తెర ఆగిపోయిందని హోయ్ట్ చెప్పాడు.

ఆ జట్టులోకి డార్సీని తీసుకున్నారు. ఆమె అంతకుముందు ఒక స్టాక్ కారు జట్టులో టైర్లు మార్చేది. అక్కడ మనుషులు అడ్డుగోడ వెనక కాచుకుని ఉంటారు, కారు వచ్చి ఆగాక గోడ దూకి పరుగెత్తుతారు. ఫార్ములా వన్‌లో అంతా తలకిందులు. మనుషులు ముందే ఎవరి చోట వాళ్లు నిలబడి ఉంటారు. కారే వాళ్ల మధ్యలోకి దూసుకొస్తుంది. అందరి ముందు నిలబడేది కారును పైకెత్తే జాకీ పట్టుకున్న మనిషి. కారు ముక్కు తిన్నగా ఆ మనిషి మోకాళ్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆగీ ఆగగానే జాకీ కిందికి తోసి ఎత్తాలి, నాలుగు చక్రాలూ మారగానే దించి తప్పుకోవాలి. ఇదంతా ఊపిరి పీల్చి వదిలేలోపు అయిపోవాలి. ఆ ముందు జాకీ డార్సీది.

అయితే ఇంకా ఖాయం కాలేదు. కారణం డార్సీ ఎడమ పాదం. సాధన మొదలుపెట్టి వారాలు గడిచినా, కారు దగ్గరికి వచ్చేసరికి ఆ పాదం తనంతట తనే కొంచెం పక్కకు జరిగేది. జరిగితే జాకీ సరిగ్గా కూర్చోదు. నేర్పే పెద్దమనిషి ఆల్డ్రిడ్జ్ ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడు. అరవడు. దగ్గరికొచ్చి మెల్లగా చెబుతాడు, అరిచినా బాగుండేదని డార్సీ అనేది. జట్టువాళ్ల కుటుంబాలను పిలిచే శనివారం నాడు చివరి పరీక్ష పెడతానన్నాడు. ఆ రోజు కూడా పాదం కదిలితే ముందు జాకీకి ఇంగ్లండ్ నుంచి వేరే మనిషి వస్తాడు. పెట్టె సర్దుకుని సిద్ధంగా ఉన్నాడట.

ఈ మాట విన్నప్పుడు వెల్డా లోలోపల అమ్మయ్య అనుకుంది. వెంటనే కూతురి మొహం చూసి, అలా అనుకున్నందుకు సిగ్గుపడి, ఇంకో బిస్కెట్టు తినమంది.

శనివారానికి ఇంకా మూడు రోజులుందనగా, తెల్లవారుతూనే డార్సీ తండ్రిని వెంటబెట్టుకుని చర్చి పక్కన కార్లు ఆపుకునే ఖాళీ జాగాకి వెళ్లింది. నేల మీద మైదాపిండితో గీత గీసి, దాని వెనక నిలబడి, పాత ట్రక్కును తన మీదికి తోలమంది. హోయ్ట్ తోలాడు. పాదం కదల్లేదు. ఎన్నిసార్లు తోలినా కదల్లేదు. డార్సీ ఇంటికొచ్చి తల్లిని లేపింది.

"నువ్వు రా అమ్మా. నాన్న తోలితే నాకు భయం వెయ్యట్లేదు. నువ్వు తోలితేనే వేస్తుంది. అప్పుడే ఈ కాలు సంగతి తేలుతుంది."

వెల్డా రానంది. ఒంట్లో బాగాలేదంది, కళ్లజోడు కనిపించడం లేదంది. కళ్లజోడు ఆమె తలమీదే ఉంది. చివరికి ట్రక్కెక్కి, స్టీరింగును రెండు చేతులా కావలించుకున్నట్టు పట్టుకుంది. గీతకు ఇంకా చాలా దూరం ఉండగానే ఆపేసింది. మళ్లీ తోలింది, మళ్లీ అంత దూరంలోనే ఆపింది. హోయ్ట్ గట్టు మీద కూర్చుని ఉడికిన వేరుశనక్కాయలు వలుచుకుంటూ, శవాల బండి వెనకొస్తే అది కూడా హారన్ కొట్టి దాటిపోతుందన్నాడు. ఆ మాటకు రోషం వచ్చి వెల్డా ఈసారి గీత దగ్గరిదాకా పోనిచ్చింది. డార్సీ పాదం చటుక్కున జరిగింది. ఇంకోసారి. మళ్లీ జరిగింది.

డార్సీ వచ్చి కిటికీ మీద మోచేతులు ఆనించింది.

"అమ్మా, ఆపేముందు నువ్వు కళ్లు మూసుకుంటున్నావు."

"లేదే."

"మూసుకుంటున్నావు. నువ్వు మూసుకున్నప్పుడే నా కాలు జరుగుతోంది."

హోయ్ట్ చేతిలో కాయ కింద పడింది. "కళ్లు మూసుకుని పిల్ల మీదికి బండి తోలుతున్నావా?" అన్నాడు.

వెల్డా తలొంచుకుంది. కళ్లు మూసుకోవడం ఆమెకు అలవాటు. హోయ్ట్ పందేలు తోలిన రోజుల్లో కూడా గట్టు మీద కూర్చుని, కార్లు మలుపు దగ్గరికి రాగానే కళ్లు మూసుకునేది. భర్త గెలిచిన పందేలన్నీ ఆమె విన్నదే తప్ప చూసింది కాదు. డార్సీ పుట్టాక రోడ్డు మీద బండి చప్పుడైతే చాలు, కళ్లు మూసుకుని పిల్ల గౌను వెనక మెడ పట్టుకుని లాగేసేది. ఆ పిల్ల చిన్నప్పటి గౌన్లన్నిటికీ మెడ దగ్గర కుట్లు ఊడిపోయి ఉండేవి. ఆమే ఊడగొట్టేది, ఆమే కుట్టేది.

డార్సీ గొంతు తగ్గించింది. "అక్కడ కారులో ఎవరు కూర్చున్నా నాకు నీ మొహమే కనిపిస్తుందమ్మా. చిన్నప్పుడు బండి వస్తుంటే నేను బండిని చూసేదాన్ని కాదు, నీ మొహం చూసేదాన్ని. అది ఎలా ఉంటే కాలు అలా జరిగేది. ఇప్పటికీ అదే."

వెల్డా స్టీరింగు మీంచి చేతులు తీసింది. ఆ తర్వాత, "ఉన్న మొహం ఇదే. వేరే మొహం ఎక్కణ్నుంచి తేను?" అంది.

"ఉంది. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు పెడతావు చూడు, ఆ మొహం పెట్టు."

తనకు అలాంటి మొహం ఒకటుందని వెల్డాకి తెలియదు. ఆ తండ్రీకూతుళ్లకు తెలుసు. దారం ఎక్కించేటప్పుడు ఆమె కళ్లు చిన్నవవుతాయి, ఎడమ కనుబొమ కాస్త లేస్తుంది, ఊపిరి ఆగుతుంది. ఆ క్షణంలో ఇల్లు తగలబడుతోందని చెప్పినా వినిపించుకోదు. ఆమె భయపడటం మరిచిపోయేది ఆ ఒక్కప్పుడే.

మళ్లీ ట్రక్కు కదిలింది. వెల్డా పిండి గీతను దారంలాగా చూసింది, బండి ముక్కును సూదిలాగా చూసింది, కాదు, అటుది ఇటు అనుకుంది, అనుకుంటూ ఉండగానే గీత వచ్చేసింది. ఆపింది. కళ్లు తెరిచే ఉన్నాయి. కూతురు గీత వెనక నిలబడే ఉంది. వెల్డా దిగి, ట్రక్కు చక్రం పక్కన నేల మీద కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ఇంకొన్నిసార్లు తోలింది.

శనివారం వచ్చింది. పాత మిల్లు జాగాలోని జట్టు షెడ్డు బయట పందిమాంసం కాలుతున్న పొగ, కోసిన క్యాబేజీ, తియ్యటి చల్లటి టీ, అంతా చర్చి విందులాగే ఉంది. లోపలికి అడుగుపెట్టాక మాత్రం ఎవరికీ మాట రాలేదు. కారు అక్కడ ఉంది. వెల్డా దాన్ని చూసి, మొదట ఇంకా పూర్తికాలేదేమో అనుకుంది. అంత సన్నగా ఉంది. మనిషి దాని మీద కూర్చోవడం కాదు, దాన్ని తొడుక్కోవాలి. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియని నల్లటి వంపులు, పక్షి రెక్క లోపలి ఎముకల్లాగా. బతుకంతా ఇంజన్ల మధ్య గడిపిన ముసలివాళ్లు టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. తియ్యమని వాళ్లకెవరూ చెప్పలేదు. హోయ్ట్ కూడా తీశాడు. "మన ఊళ్లో చేశారే దీన్ని," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

కారును అవతలి చివరికి తీసుకెళ్లి, కుటుంబాలను తాడు వెనక నిలబెట్టారు. జట్టువాళ్లు హెల్మెట్లు పెట్టుకుని వచ్చి ఎవరి చోట వాళ్లు నిలిచారు. మోకాలి మీద కొందరు, వంగి కొందరు, మధ్యలో కారు పట్టేంత ఖాళీ. ఆ ఖాళీకి ఎదురుగా, జాకీ పట్టుకుని, డార్సీ. ఒక్క మనిషీ కదల్లేదు. అంతమంది బతికున్న మనుషులు అంత కదలకుండా ఉండటం వెల్డా ప్రార్థనలో కూడా చూడలేదు.

మొదటిసారి కారు వచ్చింది. ఆ శబ్దం చెవుల్లోకి కాదు, పళ్లలోకి వచ్చింది. వెల్డా కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. తెరిచేసరికి కారు వెళ్లిపోయింది, రబ్బరు వాసన మిగిలింది. ఆల్డ్రిడ్జ్ డార్సీ దగ్గరికి వెళ్లి మెల్లగా ఏదో అన్నాడు. హోయ్ట్ నవ్వడం మానేశాడు. "కదిలింది," అన్నాడు. "కొంచెమే. కానీ కదిలింది." ఇంకొక్కసారి చూస్తానని ఆల్డ్రిడ్జ్ ఒక వేలు చూపించాడు.

అప్పుడు డార్సీ తల తిప్పి తాడు వైపు చూసింది. వెతికింది. వెల్డా దొరికింది.

వెల్డాకి ఒక్కసారిగా తెలిసిపోయింది. ఇప్పుడు తను ఏమీ చెయ్యక్కర్లేదు. ఎప్పుడూ ఉండే మొహంతో ఉంటే చాలు. పాదం కదులుతుంది, ఇంగ్లండ్ మనిషి విమానం ఎక్కుతాడు, డార్సీ సాయంత్రానికి ఇంటికొస్తుంది, ఎప్పటికీ క్షేమంగా. ఏ తల్లినీ ఎవరూ తప్పు పట్టని మొహం అది. అది ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. పెదవులు అప్పటికే వణుకుతున్నాయి కూడా.

కూతురు ఇంకా చూస్తోంది.

వెల్డా ఊపిరి బిగబట్టింది. కళ్లు చిన్నవి చేసింది. ఎడమ కనుబొమ లేచిందో లేదో ఆమెకు తెలియదు. డార్సీ మాత్రం తల తిప్పుకుని జాకీని సర్దుకుంది.

కారు వచ్చింది. వెల్డా చూసింది. పుట్టి బుద్ధెరిగాక, తనకు కావలసినవాళ్ల మీదికి ఇంకొకరు తోలుకొస్తున్నదాన్ని ఆమె చివరిదాకా చూడటం అదే మొదలు. నల్లటి ముక్కు నేలను నాకుతున్నట్టు వచ్చింది, పెద్దదైంది, ఇంకా పెద్దదైంది, ఇక ఆగదు అనుకున్న చోట ఆగింది. ఆగిందని మనసుకు అందేలోపే పైకి లేచింది. చక్రాలు ఊడాయి, వేరేవి వచ్చి కూర్చున్నాయి, నాలుగు చోట్లా ఒకే చప్పుడు. ఒక్క చెయ్యీ ఇంకో చేతికి తగల్లేదు. అన్ని చేతులూ ఒకే ఒంటివైనట్టు కదిలాయి. మధ్యలో ఎక్కడో, హెల్మెట్ అద్దంలోంచి, వెల్డాకి కూతురి కళ్లు కనిపించాయి. చిన్నవై ఉన్నాయి. ఎడమ కనుబొమ కాస్త పైకి లేచి ఉంది. తన మొహం అలా ఉంటుందన్నమాట అని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఎంత ప్రశాంతంగా ఉందో. కారు దిగింది, డార్సీ తప్పుకుంది, కారు లేదు.

షెడ్డులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంత త్వరగా అయిపోయినదాన్ని నమ్మడానికి వాళ్లకి కాస్త వ్యవధి కావలసి వచ్చింది. ఆల్డ్రిడ్జ్ నెమ్మదిగా నడిచి వెళ్లి, ఎప్పటిలాగే మెల్లగా చెప్పాడు. కాకపోతే ఆ నిశ్శబ్దంలో తాడు వెనక ఉన్నవాళ్లకి కూడా వినిపించింది. "ఆ పెట్టె విప్పుకోమని అతనికి కబురు పెడతాను."

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లలోనే హోయ్ట్ దగ్గుతూ భార్య చెయ్యి తట్టాడు. "ఇక వదులు. ఊపిరాడట్లేదు." వెల్డా చూసుకుంటే, ఆమె పిడికిలి అతని చొక్కా వెనక మెడ పట్టుకుని ఉంది. కుట్లు పటపటా ఊడి ఉన్నాయి.

డార్సీ హెల్మెట్ చంకన పెట్టుకుని తాడు దగ్గరికి వచ్చింది. జుట్టంతా చెమట. ఒక్క మాటే అడిగింది. "చూశావా?"

"చూశాను," అంది వెల్డా.

"మొత్తం?"

"మొత్తం."

హోయ్ట్ మెడ రుద్దుకుంటూ, తన పందెం ఒక్కటైనా చూసిందేమో చెప్పమని అడిగాడు.

ఇంటికొచ్చాక వెల్డా మామూలు మనిషి అయిపోయింది. విమానాలు పడిపోవడం గురించి మాట్లాడింది. పరాయి దేశాల్లో నీళ్లు తాగొద్దంది, కాచినా తాగొద్దంది. పందెం రోజు వాన పడితే కారు జారదా అని అడిగింది, జారుతుందని హోయ్ట్ అన్నందుకు అతనితో మాట్లాడటం మానేసింది. అయినా అతని చొక్కా ముందేసుకుని, దీపం దగ్గర కూర్చుని, సూది తీసింది. దారం తడిచేసి కొసను మెలితిప్పింది. దారం ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించింది. చేతులు వణుకుతున్నాయి. పగలంతా దాచుకున్న వణుకు ఇప్పుడు తీరిగ్గా బయటికి వస్తోంది.

డార్సీ టేబులు అవతలి నుంచి చెయ్యి చాచింది. సూదిని దీపానికి ఎదురుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కసారికే ఎక్కించి, తల్లి చేతిలో పెట్టింది.